స్కానింగ్ అంటే ఒకటే కాదు.. ఏది ఎందుకో అడిగి తీయించుకోండి

మన తిరువూరు చుట్టుపక్కల "స్కానింగ్ తీయించాం" అని ఎవరన్నా చెప్తే, ఏ స్కానింగ్ అని అడిగేవాళ్ళు తక్కువ. ఎంతయిందని మాత్రం అడుగుతారు. ఐదారు వందలంటే "చిన్న స్కానింగే గదా" అంటారు. ఏడెనిమిది వేలంటే "అబ్బో, పెద్దదే తీశారు, ఇంక జబ్బు దొరికినట్టే" అంటారు.

ఈ లెక్కే తప్పు. స్కానుల్లో చిన్నదీ పెద్దదీ అని లేదు. ఒక్కో మిషను ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పిద్ది. ఎముక విరిగిందా అని అడగాల్సిన చోట ఎంఆర్‌ఐ తీస్తే డబ్బు దండగ. పక్షవాతం వచ్చిన మనిషిని ఎంఆర్‌ఐ కోసమని గంటలు కూర్చోబెడితే ప్రాణం దండగ. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఆ సంగతి చెప్పకుండా మందెక్కించి సీటీ తీయిస్తే, తెలుసుకోడానికి పోయి కొత్త కష్టం తెచ్చుకున్నట్టు.

ఇది ముఖ్యంగా మీకే చెప్పాలి. ఎందుకంటే అమ్మనో నాయననో బెజవాడ తీసుకెళ్ళేది మీరే. ఫోన్‌పేలో డబ్బు కట్టేది మీరే, రిపోర్టు వాట్సాప్‌లో చూసేది మీరే. డాక్టరు ముందు నిలబడి ఒక్క మాట అడగగలిగేదీ మీరే. అందుకని ఏ స్కాన్ ఏం చేసిద్దో వరసగా చూద్దాం.

ఎక్స్‌రే: అన్నిటికీ పెద్దన్న

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు ఈ కిరణాల్ని కనిపెట్టాడు. అవేంటో తెలియక "ఎక్స్" అని పేరు పెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో వాళ్ళావిడ చెయ్యి ఫొటో తీస్తే ఎముకలూ, వేలికున్న ఉంగరమూ కనపడ్డాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు.

పని చాలా సులువు. కిరణం ఒంట్లో నుంచి దూసుకుపోయిద్ది. ఎముక దాన్ని ఆపిద్ది కాబట్టి ఫిల్ములో తెల్లగా పడిద్ది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటది కాబట్టి అవి నల్లగా పడతాయి. నల్లగా ఉండాల్సిన చోట తెల్ల మచ్చ కనపడితే అది నిమ్మా, నీరా, టీబీనా అని డాక్టరు ఆలోచిస్తాడు. విరిగిన ఎముక, రెండు వారాలకు పైన తగ్గని దగ్గు, పిల్లోడు మింగిన రూపాయి బిళ్ళ.. వీటికి ముందు తీయాల్సింది ఎక్స్‌రేనే. ఖర్చు తక్కువ, రెండు నిమిషాల పని. టీబీ అనుమానం ఉంటే ఎక్స్‌రేతో ఆగగూడదు, తెమడ పరీక్ష చేయించాలి. టీబీకి పరీక్షా మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

రేడియేషన్ సంగతేంటని అడుగుతారు. ఛాతీ ఎక్స్‌రేలో పడేది సుమారు 0.1 మిల్లీసీవర్టు. ఏ స్కానూ తీయించుకోకపోయినా మట్టి నుంచీ, ఆకాశం నుంచీ, తినే తిండి నుంచీ ఏడాదికి మన ఒంట్లోకి సుమారు 2 నుంచి 3 మిల్లీసీవర్టులు వస్తానే ఉంటది. అంటే ఒక ఛాతీ ఎక్స్‌రే సుమారు రెండు వారాల మామూలు బతుకుతో సమానం. దానికి భయపడక్కర్లా. కడుపుతో ఉన్నా, ఉండొచ్చని అనుమానం ఉన్నా మాత్రం ముందే చెప్పాలి.

అల్ట్రాసౌండ్: మనం "స్కానింగ్" అనేది దీన్నే

కడుపు మీద చల్లటి జిగురు రాసి, ఒక పరికరంతో అటూ ఇటూ రుద్దుతారే, అదే. ఇందులో కిరణాల్లేవు, రేడియేషన్ లేదు. ఉన్నది శబ్దం. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకా వినపడిద్ది. ఈ మిషను వాడేది లక్షలు దాటిన కంపనాల శబ్దం. అది లోపలికి పోయి, అవయవాలకు తగిలి వెనక్కొచ్చిద్ది. బావిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టే. ఆ తిరిగొచ్చిన శబ్దంతో బొమ్మ కట్టిద్ది.

కడుపులో బిడ్డ, పిత్తాశయంలో రాళ్ళు, కిడ్నీలు, కాలేయం, గర్భసంచి, థైరాయిడ్ గడ్డ.. ఇయ్యన్నీ దీంట్లో బాగా తెలుస్తాయి. గుండెకు తీసే టూడీ ఎకో కూడా ఈ జాతిదే. కాళ్ళ రక్తనాళాలకు తీసే డాప్లర్ కూడా ఇదే. ఇది చూడలేనియ్యి కూడా ఉన్నాయి. గాలి ఉన్న చోటా, గట్టి ఎముక వెనకా శబ్దం పనిచేయదు. అందుకే పెద్దవాళ్ళ మెదడుకు అల్ట్రాసౌండ్ తీయరు. పొట్ట నిండా గ్యాస్ ఉంటే బొమ్మ సరిగా రాదు, అందుకే కొన్ని స్కానులకు పరగడుపున రమ్మంటారు. మూత్రాశయం నిండుగా ఉంటే కింది అవయవాలు బాగా కనపడతాయని నీళ్ళు తాగి ఆపుకోమంటారు. ఆ మాట వినకపోతే మళ్ళా రేపు రావాల్సిందే.

గర్భిణులకు రెండు స్కానులు ముఖ్యం. 11 నుంచి 14 వారాల మధ్య ఒకటి. 18 నుంచి 20 వారాలకు అటూ ఇటూగా టిఫా. టిఫాలో బిడ్డ గుండె, వెన్ను, మెదడు, కాళ్ళూ చేతులూ అన్నీ ఒక్కొక్కటిగా చూస్తారు. "ఇప్పుడెందుకులే, ఎనిమిదో నెల్లో తీయిద్దాం" అంటే, ఏదన్నా లోపం ఉన్నా చేయగలిగిన పని అప్పటికి చాలా తగ్గిపోయిద్ది. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటది. ఆశా కార్యకర్తను అడిగితే చెప్పిద్ది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆడపిల్లా మగపిల్లాడా అని అడగొద్దు. 1994లో వచ్చిన చట్టం ప్రకారం చెప్పినోడిదే కాదు, అడిగినోడిది కూడా నేరమే. లింగ నిర్ధారణ కోసం స్కాన్ చేయించిన వాళ్ళకు మొదటిసారే మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉంది. బలవంతంగా తీసుకొచ్చిన గర్భిణికి కాదు, తీసుకొచ్చిన వాళ్ళకి.

సీటీ: తొందర ఉన్న చోట దేవుడు

సీటీ కూడా ఎక్స్‌రేనే. కాకపోతే ఒక్క వైపు నుంచి కాదు, మనిషి చుట్టూ తిరిగి తీసి, కంప్యూటరుతో పొరలు పొరలుగా కోసి చూపిచ్చిద్ది. క్యాబేజీని అడ్డంగా పల్చగా కోసి ఒక్కో ముక్కా చూసినట్టు. పాటల రికార్డులు అమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ దీన్ని తయారుచేశాడు. 1971లో లండన్‌లో మొదటి రోగికి తీశారు. 1979లో ఆయనకీ, దీని లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కీ నోబెల్ ఇచ్చారు.

దీని గొప్పతనం వేగం. నిమిషాల్లో అయిపోయిద్ది. మన హైవే మీద రాత్రిపూట బండి పడి తలకు దెబ్బ తగిలిందనుకోండి. తెలివి తప్పినా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా సీటీ తీయాల్సిందే. లోపల రక్తం చిమ్మిందా లేదా అనేది అందులో వెంటనే తెలిసిద్ది. అలాంటప్పుడు "రేడియేషన్ అంట గదా" అని ఆలోచించగూడదు.

పక్షవాతం సంగతి ఇంకా ముఖ్యం. మూతి వంకర పోవటం, ఒక చెయ్యి లేవకపోవటం, మాట ముద్దగా రావటం.. ఈ మూడిట్లో ఏది కనపడినా అది పక్షవాతమే అనుకోండి. పక్షవాతం రెండు రకాలు. ఒకటి మెదడు నాళంలో గడ్డ అడ్డం పడటం. రెండోది నాళం చిట్లి రక్తం కారటం. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఉంది, కాని దాన్ని నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదే ఇంజక్షన్ రెండోదానికి ఇస్తే మనిషి పోతాడు. ఏది ఏదో తేల్చేది సీటీ. తిరువూరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్లకు పైమాటే. ఇంటికాడ ఒక గంట, ఆర్‌ఎంపీ డాక్టరు కాడ ఒక గంట, పసరు మందనీ పావురం నెత్తురనీ ఇంకో గంట పోతే ఇంక మిగిలేదేముంది? 108కి ఫోన్ చేసి "పక్షవాతం, ఇన్ని గంటలకి మొదలైంది" అని చెప్పండి. సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమని అడగండి. మొదలైన టైము కాగితం మీద రాసి పెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

అట్లాగని తలనొప్పి వచ్చిన ప్రతిసారీ సీటీ తీయించుకునేది కాదు. పొట్టకు తీసే ఒక్క సీటీలో పడే రేడియేషన్ సుమారు 8 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రేలు ఎనభై తీయించుకున్నంత. అవసరమైన చోట దాని లాభం ముందు ఇది చిన్న నష్టం. అవసరం లేని చోట అది వట్టి నష్టమే. పిల్లల ఒళ్ళు రేడియేషన్‌కు ఇంకా సున్నితం, వాళ్ళకైతే రెండుసార్లు ఆలోచించి రాయాలి.

ఎ.కొండూరు వైపు వాళ్ళు ఇది తప్పక చదవాలి

సీటీలో కొన్నిసార్లు నరానికి అయోడిన్ మందు ఎక్కిస్తారు. దాన్ని కాంట్రాస్ట్ అంటారు. రక్తనాళాలూ గడ్డలూ బాగా వెలిగి కనపడటానికి అది. మంచి కిడ్నీలు దాన్ని ఒక రోజులో మూత్రంలో పంపేస్తాయి. ముందే దెబ్బతిన్న కిడ్నీలకు మాత్రం అది భారమయ్యే ప్రమాదం ఉంది.

మన పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను ఆర్పిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్దానం పేరు ఎట్లా వినపడిందో, ఇప్పుడు మన కాడ దీని పేరు అట్లా వినపడతా ఉంది. ఈ జబ్బులో పెద్ద మోసం ఏందంటే, చాలాకాలం ఏ నొప్పీ ఉండదు. మనిషి కూలికి పోతానే ఉంటాడు, లోపల కిడ్నీ అరిగిపోతానే ఉంటది. అందుకని ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి మందెక్కించే సీటీ రాస్తే మూడు పనులు చేయాలి. ఒకటి, తీసే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేశారా అని అడగాలి. రెండు, ఇంట్లో ఎవరికన్నా కిడ్నీ జబ్బు ఉంటే ఆ సంగతి చెప్పాలి. మూడు, షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్ళ వాడతా ఉంటే అది చెప్పాలి. గతంలో ఇంజక్షన్ పడక దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా దాచగూడదు. ఎంఆర్‌ఐకి ఎక్కించే గడోలినియం మందుకు కూడా ఇదే జాగ్రత్త. క్రియాటినిన్ ఎక్కువుంటే అసలు స్కానే వద్దని కాదు. మందు లేకుండా తీయొచ్చా, వేరే స్కాన్ సరిపోయిద్దా అని డాక్టరు ఆలోచించుకోడానికి.

అసలు కిడ్నీ జబ్బు పట్టుకోడానికి సీటీ అక్కర్లా. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, ఒక అల్ట్రాసౌండ్.. ఈ మూడూ చాలు. పెద్దవాళ్ళ కిడ్నీ మామూలుగా 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటది. జబ్బు ముదిరితే కుంచించుకుపోయిద్ది, అది అల్ట్రాసౌండ్‌లో తెలిసిద్ది. ఇక్కడ ఒక మెలిక ఉంది. జబ్బు మొదట్లో స్కాన్ బాగానే ఉండొచ్చు. "స్కానింగ్‌లో ఏం లేదన్నారు" అని నిశ్చింతగా ఉంటే మోసపోతాం. రక్తం, మూత్రం పరీక్ష తప్పదు.

ఎంఆర్‌ఐ: కిరణం లేదు, అయస్కాంతం ఉంది

దీంట్లో రేడియేషన్ లేదు. పెద్ద అయస్కాంతం ఉంటది. 1.5 టెస్లా మిషనంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. మన ఒంట్లో ఉన్న నీళ్ళలోని హైడ్రోజన్ అణువుల్ని ఆ అయస్కాంతం వరసలో నిలబెడితే, రేడియో తరంగంతో వాటిని కదిలించి, అవి ఇచ్చే సంకేతంతో బొమ్మ కడతారు. మెదడు, వెన్నుపూస, నరాలు, మోకాలి లోపలి లిగమెంటు.. మెత్తటి భాగాలకు దీన్ని మించింది లేదు. టైము మాత్రం ఎక్కువ, 20 నుంచి 45 నిమిషాలు పట్టిద్ది. గొట్టం లోపల కదలకుండా పడుకోవాలి, దబదబమని మోత ఉంటది. ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

ఆ గదిలోకి ఇనుము పోగూడదు. మిషను బొమ్మ తీయకపోయినా అయస్కాంతం పనిచేస్తానే ఉంటది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్ళిన రోగి బంధువొకరు చనిపోయారు. సిలిండరుతో సహా మనిషిని మిషను లాగేసింది. కాబట్టి పిన్నీసు, జడపిన్ను, తాయెత్తు, మొలతాడు బిళ్ళ, పట్టీలు, ఫోను, తాళాలు అన్నీ బయటే తీసి పెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడో కాలికి రాడ్డు వేసినా, కంట్లో ఇనప రజను పడినా చెప్పాలి. వెల్డింగ్ పని చేసే కుర్రాళ్ళు ఆ చివరిది గుర్తుపెట్టుకోండి.

నడుము నొప్పికి ఎంఆర్‌ఐ తీయాలా?

మిరపకాయ కోతకు వంగి వంగి, మామిడి బుట్టలు మోసి మోసి మన ఊళ్ళల్లో నడుము నొప్పి లేని మనిషి లేడు. రెండు రోజులు నొప్పి తగ్గకపోతే "ఎంఆర్‌ఐ తీయించు" అంటున్నారు. తీస్తే రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని వచ్చిద్ది. ఇంట్లో ఏడుపులు, ఆపరేషన్ మాటలు, అప్పు కోసం తిరగటాలు.

ఒక సంగతి వినండి. అసలు నడుము నొప్పే లేనివాళ్ళకు తీసిన స్కానులన్నీ కలిపి లెక్కచూసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలో నూటికి 30 మందికి డిస్క్ బల్జ్ కనపడింది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో నూటికి 84 మందికి. అంటే అది చాలామందిలో తల నెరిసినట్టు వచ్చే మార్పే. స్కానులో కనపడిందల్లా జబ్బు కాదు.

మామూలు నడుము నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిద్ది. ఎంఆర్‌ఐ ఎప్పుడు కావాలంటే, కాలు బలం తగ్గితే, తొడల మధ్య మొద్దుబారితే, మూత్రం దొడ్డి తెలియకుండా పోతే, జ్వరంతో కలిసి నొప్పి ఉంటే, గతంలో క్యాన్సర్ ఉంటే. అప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయగూడదు. పై నుంచి పడి దెబ్బ తగిలినా ఆగకుండా చూపించాలి, అక్కడ ముందు తీసేది ఎక్స్‌రేనో సీటీనో డాక్టరు చెప్తాడు. ఇవేవీ లేనప్పుడు స్కానుకు పరిగెత్తటం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని నెలల తరబడి మింగటం. అది కిడ్నీకి తగిలిద్ది. మన ప్రాంతంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మిగతా రెండు మూడు

మమోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ప్రత్యేకమైన ఎక్స్‌రే. నలభై దాటిన ఆడవాళ్ళకు పనికొచ్చిద్ది. చిన్న వయసు వాళ్ళకు గడ్డ తగిలితే ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. డెక్సా అనేది ఎముకల గట్టిదనం కొలిచేది. పెట్ సీటీ క్యాన్సర్ ఎంత దూరం పాకిందో చూసేది. రేడియేషన్ కలిపిన చక్కెర లాంటి మందు నరానికి ఎక్కిస్తే, ఆకలెక్కువున్న క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుని వెలుగుతాయి. చాలా ఖరీదు. "ఒంట్లో ఏమన్నా ఉందేమో" అని సరదాగా తీయించుకునేది కాదు.

డబ్బు మాట

డాక్టరు ఫలానా సెంటరుకే వెళ్ళమంటే, వేరే చోట తీయించుకోవచ్చా అని అడగండి. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవటం 2002 నాటి వైద్యుల నడవడిక నిబంధనల ప్రకారమే తప్పు. ఎక్స్‌రే, సీటీ సెంటర్లకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. అల్ట్రాసౌండ్ సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం అందరికీ కనపడేలా పెట్టాలి.

ముందు మన ప్రభుత్వాసుపత్రిలో ఆ స్కాన్ ఉందేమో కనుక్కోండి. లేకపోతే బెజవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద ఆసుపత్రిలో చేరితే, ఆ జబ్బుకు కావాల్సిన పరీక్షలు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. "స్కాన్ బయట తీయించుకుని రండి" అని డబ్బు కట్టమంటే, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు కాడికి పోయి అడగండి. అక్కడా తేలకపోతే 104కి ఫోన్ చేయండి.

అడగాల్సిన నాలుగు మాటలు

డాక్టరు స్కాన్ రాయగానే చీటీ పట్టుకుని పరిగెత్తొద్దు. ఒక్క నిమిషం నిలబడి ఈ నాలుగూ అడగండి. ఎదురు మాట్టాడినట్టు కాదు, మర్యాదగానే.

"ఈ స్కాన్‌తో ఏం తెలుసుకోవాలనుకుంటున్నారండీ?"

"రిపోర్టు ఎట్లా వచ్చినా మందు ఒకటేనా, మారిద్దా?" మారదంటే, ఆ స్కాన్ ఇప్పుడు అక్కర్లేదేమో.

"దీనికంటే తక్కువ ఖర్చుదీ, రేడియేషన్ లేనిదీ సరిపోదాండీ?"

"మందెక్కిస్తారా? కిడ్నీ పరీక్ష ముందే చేయాలా?"

మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోప్పడడు. అట్లా అడిగినోళ్ళకి ఇంకాస్త వివరంగానే చెప్తాడు.

చివరిగా ఒక పని. పాత స్కానులు పారేయొద్దు. ఫిల్ములు ఎండ తగలని చోట పెట్టండి, సీడీ ఇస్తే అడిగి తీసుకోండి, రిపోర్టు ఫొటో తీసి తారీఖుతో సహా ఫోన్లో దాచండి. ఆసుపత్రిలో ఉన్న రికార్డు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది. కొత్త డాక్టరుకు పాత ఫిల్ము చూపిస్తే, గడ్డ పెరిగిందా అట్లానే ఉందా అనేది తెలిసిద్ది, అదే స్కాన్ మళ్ళా తీయాల్సిన పని తప్పిద్ది. ఈ వారం ఇంట్లో బీరువా పైనా, పరుపు కిందా ఉన్న కవర్లన్నీ తీసి, ఎవరివి వాళ్ళకి విడిగా, తారీఖుల వరసలో ఒక సంచిలో పెట్టండి. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి.